నంబరు కాదు, చోటు కావాలి: మహమ్మారి రోజుల్లో ఆడవాళ్లకు మానసిక సాయం

హోస్ట్: నమస్కారం. హెల్ప్‌లైన్ నంబర్ల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ లాక్‌డౌన్‌లో, ఇంటినిండా మనుషులుండగా, ఆ నంబరుకు ఫోన్ చేసేదెలా? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం. ఆడవాళ్లకు సంక్షోభ సమయంలో కౌన్సెలింగ్ చేసే నిపుణురాలు మనతో ఉన్నారు. మేడమ్, 2020లో కోవిడ్ వచ్చాక తేడా ఎక్కడొచ్చింది?

కౌన్సెలర్: ఇటలీ సంగతి చూడండి. హింసకు గురయ్యే ఆడవాళ్ల కోసం అక్కడ 1522 అనే జాతీయ నంబరు ఉంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన కొత్తలో దానికి కాల్స్ తగ్గాయి. హింస తగ్గి కాదు, హింసించే మనిషి రోజంతా ఇంట్లోనే ఉండటంతో. మార్చి నుంచి జూన్ దాకా మొత్తం చూస్తే మాత్రం, అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే కాల్స్, చాట్‌లు కలిపి రెట్టింపు దాటాయి. ఒక్క చాటే తీసుకుంటే ఐదు రెట్ల పైన పెరిగింది. గొంతు విప్పలేనివాళ్లు టైపు చేశారన్నమాట.

హోస్ట్: హింస లేని ఇళ్లలో కూడా పరిస్థితి బాగోలేదు కదండీ.

కౌన్సెలర్: అస్సలు బాగోలేదు. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2020లో ప్రపంచం మొత్తం మీద అదనంగా సుమారు 5.3 కోట్ల మందికి తీవ్రమైన డిప్రెషన్, 7.6 కోట్ల మందికి ఆందోళన రుగ్మత వచ్చాయి. రెండింటిలోనూ మూడింట రెండు వంతులు ఆడవాళ్లే. బడులు మూతపడ్డాయి, ఇంటి చాకిరీ పెరిగింది, ఉద్యోగాలు పోయాయి. ఇన్ని ఉన్నా, తనకంటూ తలుపు వేసుకునే గది లేదు.

హోస్ట్: సరే, పనిలోకి దిగుదాం. ఒకామె సాయం కోసం ఫోన్ చేయాలనుకుంటోంది. మొదట ఏం చేయాలి?

కౌన్సెలర్: ఎవరికి చేస్తున్నామో తేల్చుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎమర్జెన్సీ నంబరు. ఇంట్లో హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్. చనిపోవాలన్న ఆలోచన ఉంటే సూసైడ్ లేదా క్రైసిస్ లైన్. వారం వారం కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్ వేరే సేవ, దానికి అపాయింట్‌మెంట్ ఉంటుంది. చాలామంది క్రైసిస్ లైన్‌కు చేసి, "నా జీవితం మొత్తం వినలేదు" అని నిరాశపడతారు. ఆ పూట గండం గట్టెక్కించడం, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పడం దాని పని. అంతకు మించి ఆశిస్తే ఆ తప్పు లైన్‌ది కాదు. ఏ దేశంలో ఏ లైన్ ఉందో తెలియకపోతే "ఫైండ్ ఎ హెల్ప్‌లైన్" అనే సైటులో దేశం ఎంచుకుని వెతకొచ్చు. దొరికిన నంబరును తీరిగ్గా ఉన్న రోజునే ఒకసారి పరీక్షించి చూడండి. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏయే భాషల్లో, చాట్ ఉందా లేదా అని. మహమ్మారిలో పనివేళలు మారిపోతాయి, పాత పోస్టర్ మీది నంబరు రాత్రి రెండింటికి మోగుతూనే ఉంటుంది.

హోస్ట్: ఫోన్ ఎత్తారు. ఏమని మొదలుపెట్టాలి?

కౌన్సెలర్: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పెళ్లినాటి నుంచి కథ మొదలుపెడతారు, అసలు విషయానికి వచ్చేసరికి ఎవరో గదిలోకి వస్తారు, ఫోన్ పెట్టేయాల్సి వస్తుంది. అందుకని తలకిందులుగా చెప్పాలి. "నాకు పది నిమిషాలే ఉంది. పక్క గదిలో మనుషులున్నారు. నేను అవును, కాదు అని మాత్రమే అనగలను. కాల్ కట్ అయితే తిరిగి చేయొద్దు." ఈ నాలుగు వాక్యాలు ముందు. ఆ చివరిది మర్చిపోవద్దు. కొన్ని సేవలు మంచి ఉద్దేశంతోనే తిరిగి ఫోన్ చేస్తాయి, ఆ ఫోన్ ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు.

హోస్ట్: హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సరిపోదా?

కౌన్సెలర్: అవతలి గొంతు వినపడదు, నిజమే. మీ గొంతు వినపడుతుంది కదా. అందుకే ప్రశ్నలు వాళ్లు అడగాలి, జవాబులు మీవి పొట్టిగా ఉండాలి. లేదంటే నడకకు వెళ్లినప్పుడు, చెత్త పారేయడానికి బయటికి వచ్చినప్పుడు, ఆగి ఉన్న కారులో. మాస్కు ఉంటే పెదాల కదలిక కూడా కనపడదు, దాని వల్ల అదొక లాభం.

హోస్ట్: "నా పేరు చెప్పాలా" అన్న భయం చాలామందికి ఉంటుంది.

కౌన్సెలర్: అడిగేయడమే. "పేరు తప్పనిసరా? నా నంబరు మీకు కనపడుతుందా? నేను చెప్పింది ఏ సందర్భంలో బయటికి చెబుతారు?" అని. గోప్యత ఉంటుంది కానీ దానికి హద్దు ఉంటుంది. ప్రాణాపాయం వెంటనే ఉందనిపించినా, పిల్లలకు హాని జరుగుతోందనిపించినా చాలాచోట్ల ఇంకొకరికి తెలియజేస్తారు. ఇది ముందే తెలిస్తే ఎంతవరకు చెప్పాలో మీరే నిర్ణయించుకుంటారు.

హోస్ట్: ఇక ఫోన్ దగ్గరికి వద్దాం. కాల్ హిస్టరీ, బ్రౌజర్ హిస్టరీ...

కౌన్సెలర్: హిస్టరీ మొత్తం తుడిచేయకండి. ఎప్పుడూ నిండుగా ఉండేది ఒక్కసారిగా ఖాళీగా కనపడితే అదే అనుమానం. ఆ ఒక్క కాల్, ఆ ఒక్క పేజీ తీసేయండి చాలు. బిల్లులో మాత్రం కాల్స్ వివరాలు రావచ్చు, బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకోవాలి. బ్రౌజర్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో, అంటే ప్రైవేట్ మోడ్ మీద అతి నమ్మకం పనికిరాదు. అది ఆ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చూస్తుందంతే, గూఢచారి యాప్ ఉంటే దాన్ని ఆపలేదు. అందరూ మర్చిపోయేది ఒకటుంది. ఒకే గూగుల్ అకౌంట్ రెండు ఫోన్లలో ఉంటే, మీరిక్కడ వెతికింది అక్కడ కనపడొచ్చు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" తెరిచి చూడండి, మీకు తెలియని కంప్యూటర్ ఉందేమో.

హోస్ట్: ఉంటే వెంటనే తీసేయాలా?

కౌన్సెలర్: ఆగాలి. తీసేసిన క్షణంలోనే అవతలివాడికి తెలుస్తుంది. హింస ఉన్న ఇంట్లో అది ప్రమాదం. ఆ ఫోన్‌ను మామూలు కబుర్లకు అలాగే వాడుతూ, సాయం కోసం వేరే ఫోన్ వాడండి. స్నేహితురాలిదో, పక్కింటివాళ్లదో. తీసేయడం, పాస్‌వర్డ్ మార్చడం అనేవి సురక్షితంగా ఉన్న చోటికి చేరాక చేసే పనులు.

హోస్ట్: వీడియో కాల్‌లో చేత్తో చేసే సైగ ఒకటి బాగా ప్రచారమైంది.

కౌన్సెలర్: 2020 ఏప్రిల్‌లో కెనడియన్ విమెన్స్ ఫౌండేషన్ మొదలుపెట్టింది. అరచేయి కెమెరాకు చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దాని మీద మూయడం. చూసినవాళ్లు చాలామంది అక్కడికక్కడే పోలీసులకు ఫోన్ చేసేస్తారు. కానీ దాని అసలు అర్థం "నన్ను జాగ్రత్తగా పలకరించు" అని. విడిగా ఫోన్ చేసి అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు అడగాలి. "పోలీసులను పిలవనా? రేపు ఇదే సమయానికి చేయనా?" అని. "ఏమైంది, అతను కొట్టాడా" అని మెసేజ్ పెట్టొద్దు, ఆ తెర ముందెవరున్నారో మీకు తెలియదు. పైగా ఆ సైగ ఇప్పుడు చాలామందికి తెలుసు, హింసించేవాడికి కూడా. నన్నడిగితే, నమ్మకమైన ఒక్క మనిషితో సొంతంగా రెండు మాటలు కుదుర్చుకోవడం మేలు. ఒకటి "నాకు ఫోన్ చెయ్యి" అనడానికి, ఇంకొకటి "పోలీసులను పంపు" అనడానికి. రెండింటికీ ఒకే మాట పెట్టుకుంటే అవతలివాళ్లు ఏం చేయాలో తేల్చుకోలేక కూర్చుంటారు.

హోస్ట్: మందుల షాపుల్లో కోడ్ మాట కూడా విన్నాం.

కౌన్సెలర్: స్పెయిన్‌లోని కానరీ దీవుల్లో 2020 మార్చిలో వచ్చింది, "మాస్క్ 19" అడిగితే షాపువాళ్లు సాయం పిలిచేవాళ్లు. బ్రిటన్‌లో 2021 జనవరిలో "ఆస్క్ ఫర్ యాని" అనే ఇలాంటి పథకమే మొదలైంది, అక్కడ కోడ్ మాట "యాని". లాక్‌డౌన్‌లో తెరిచి ఉండేది, ఒంటరిగా వెళ్లినా ఎవరూ అడగనిది మందుల షాపే కదా. అయితే శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నచోటే అది పనిచేస్తుంది. లేనిచోట కోడ్ చెబితే, "ఆ బ్రాండు లేదమ్మా" అంటారు. మీరున్న చోట అలాంటి పథకం ఉందో లేదో హెల్ప్‌లైన్‌ను అడిగి తెలుసుకోండి.

హోస్ట్: ఆత్మహత్య ఆలోచనల గురించి. "సేఫ్టీ ప్లాన్" రాసుకోమంటారు కదా?

కౌన్సెలర్: బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన పద్ధతి. ఆరు మెట్లు. గండం వస్తోందని చెప్పే గుర్తులు, తనంతట తాను చేసుకోగలిగే పనులు, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగల మనుషులు, నిపుణులు, చివరగా ప్రాణం తీసుకునే సాధనాలను దూరం చేయడం. మహమ్మారి దీన్ని మూడో మెట్టు దగ్గరే విరగ్గొట్టింది. పార్కు, లైబ్రరీ, గుడి, చర్చి, అన్నీ మూత. దాని బదులు సమయం పెట్టుకున్న వీడియో కాల్, మేడ మీద పావుగంట, ఇలా నిజంగా తెరిచి ఉండేవే రాయాలి. మూసి ఉన్న చోటు కాగితం మీద ఉంటే గండం వేళ ఇంకా కుంగిపోతారు. నాలుగో మెట్టులో యాంత్రికంగా "కుటుంబ సభ్యులు" అని రాస్తారు. హింస ఆ కుటుంబంలోనే ఉంటే? అలాగే ఆ కాగితం ఎక్కడ దాస్తారు? నేనైతే దాన్ని వంటకు సంబంధించిన నోట్‌లా, మామూలు పేరుతో పెట్టుకోమంటాను. లేదా స్నేహితురాలి దగ్గర ఉంచమంటాను.

హోస్ట్: ఎవరినైనా "చనిపోవాలని ఉందా" అని నేరుగా అడగొచ్చా? ఆ ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో అంటారు.

కౌన్సెలర్: అవ్వదు. అడగడం వల్ల ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. సూటిగా అడగండి. అవునంటే, ఎలా చేయాలనుకుంటున్నారో, దానికి కావాల్సినవి దగ్గర ఉన్నాయో అడిగి, ఉంటే వాటిని దూరం చేయండి. ఒంటరిగా వదలకండి.

హోస్ట్: అప్పటికే మందులు వాడుతున్నవాళ్లకు?

కౌన్సెలర్: రెండు వారాల మందు మిగిలుండగానే తదుపరి చీటీ కోసం ఫోన్ చేయాలి. డిప్రెషన్ మందు చటుక్కున ఆగిపోతే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, తలలో చిన్న కరెంటు షాకులా అనిపించడం రావచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అనే మందులతో ఇది ఎక్కువ. దాన్ని జబ్బు తిరగబెట్టిందనో, వైరస్ సోకిందనో అనుకుంటారు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లు మరీ జాగ్రత్త. జ్వరం, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర కూడా దాన్ని పెంచుతుంది. వాంతులు మొదలైన రోజునే డాక్టరుకు చెప్పాలి. ఇంకో చిక్కుంది. లాక్‌డౌన్ కదా అని మూడు నెలల మందు ఒక్కసారే తెచ్చి పెట్టుకోవడం అందరికీ మంచిది కాదు. చనిపోవాలన్న ఆలోచనలున్నవాళ్లకు వారానికి సరిపడా ఇచ్చి, మిగతాది ఇంకొకరు దాచాలి.

హోస్ట్: ఊపిరాడకపోవడం భయం వల్లా, జబ్బు వల్లా అన్నది ఎలా తెలుస్తుంది?

కౌన్సెలర్: పానిక్ అటాక్ సాధారణంగా పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి తర్వాత తగ్గుతుంది. తగ్గకుండా పెరుగుతుంటే, పెదాలు నీలంగా మారితే, ఛాతీలో నొప్పి ఉంటే, ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ చూపిస్తే "టెన్షన్" అని కొట్టిపారేయకండి, డాక్టరును పిలవండి. నెయిల్ పాలిష్ ఉన్నా, వేళ్లు చల్లగా ఉన్నా ఆక్సీమీటరు తప్పు చూపిస్తుంది. తుడిచి, వేలు వెచ్చబరచి మళ్లీ చూడండి.

హోస్ట్: బాలింతల గురించి ఒక మాట.

కౌన్సెలర్: ఒక మాట సరిపోదండీ. కాన్పయ్యాక మూడో రోజు నుంచి ఏడుపు రావడం మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటితే ఎడిన్‌బరో స్కేల్ అనే, బాలింతల్లో డిప్రెషన్‌ను పసిగట్టే ప్రశ్నావళి వాడతారు, 1987 నుంచి ఉంది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు. 13 లేదా ఆపైన వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ, నిపుణులకు చూపించాలి. కానీ మొత్తం ఐదే వచ్చినా, తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి అడిగే పదో ప్రశ్నకు సున్నా కానిది ఏదొచ్చినా ఆ రోజే మాట్లాడాలి. ఫోన్‌లో ఆ ప్రశ్నలు అడిగేటప్పుడు పక్కన ఎవరూ లేరని తేల్చుకోవాలి, లేకపోతే పదో ప్రశ్నకు అందరూ "లేదు" అనే అంటారు. ఇక వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అనే తీవ్రమైన మానసిక జబ్బు వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. నిద్ర అవసరమే లేనట్టుండటం, పొంతన లేని మాటలు, లేని గొంతులు వినపడటం, బిడ్డ గురించి వింత నమ్మకాలు. అది హెల్ప్‌లైన్ పని కాదు, ఆస్పత్రికే. వైరస్ భయంతో ఒక్క రోజు కూడా ఆగకూడదు.

హోస్ట్: ఇల్లు వదిలి వెళ్లాలనుకునేవాళ్లు?

కౌన్సెలర్: వదిలి వెళ్లే సమయమే అన్నిటికంటే ప్రమాదకరం, కాబట్టి ఆవేశంలో కాకుండా హెల్ప్‌లైన్‌తో కలిసి ప్లాన్ చేయాలి. షెల్టర్ హోమ్‌కు బయల్దేరే ముందు ఫోన్‌లో అడగండి. మంచం ఖాళీ ఉందా, కోవిడ్ పరీక్ష రిపోర్టు కావాలా, ఎన్ని రోజులు ఐసోలేషన్, ఆ రోజులు పిల్లలు నాతోనే ఉంటారా, మగపిల్లలకు వయసు పరిమితి ఉందా? గుమ్మం దాకా వెళ్లాక "పదిహేనేళ్ల అబ్బాయిని రానివ్వం" అంటే, చాలామంది వెనక్కి అదే ఇంటికి వెళ్తారు. ఎవరైనా గొంతు పిసికి ఉంటే మాత్రం పైకి గుర్తు లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి, హెల్ప్‌లైన్‌కు అది మొదటే చెప్పండి. తర్వాత చంపే ప్రయత్నం జరిగే అవకాశం చాలా పెరిగిందని చెప్పే గుర్తు అది. మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, చూపు మసకబారినా తేలిగ్గా తీసుకోకూడదు.

హోస్ట్: చివరగా, లైన్ ఎంతకీ కలవకపోతే?

కౌన్సెలర్: మహమ్మారిలో అది మామూలే. ఒక్క నంబరుతో ఉండొద్దు, రెండోది ఉండాలి, దొరికితే వేరే సంస్థది. సాయంత్రం, రాత్రి వేళల్లో లైన్ల మీద ఒత్తిడి ఎక్కువైతే పొద్దున పూట ప్రయత్నించండి. ఫోన్ వెయిటింగ్‌లో ఉంటే చాట్ తెరవండి. ఎవరైనా వస్తే ఏ పేజీకి మారాలో ముందే పక్కన తెరిచి పెట్టుకోండి.