మాత్ర వేసుకుని తిండి మానేస్తే: మధుమేహంపై విశాఖ స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. డాక్టర్ గారూ, విశాఖ బీచ్ రోడ్డులో ఉదయపు నడక ముగించి చోడి (రాగి) అంబలి తాగేవారిలో కొందరు ఇక షుగర్ మాత్రలతో పనిలేదని భావిస్తున్నారు. మీరేమంటారు?

వైద్యుడు: అంబలి ఆహారమే తప్ప మందు కాదండి. రాత్రంతా ఏమీ తినకపోయినా పరగడుపున చక్కెర ఎక్కువగా ఉండడానికి కాలేయం విడుదల చేసే గ్లూకోజే ప్రధాన కారణం. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర తగ్గించేది దాన్నే.

ఆహార నిపుణురాలు: వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములుంటే, చోళ్ళలో 67 గ్రాముల దాకా ఉంటుంది. తేడా ఉంది కానీ, ఎంత తాగినా ఫరవాలేదనుకునేంత లేదు. అన్నం పూర్తిగా మాన్పించడం నాకూ సమ్మతం కాదు. కంచంలో సగం ఆనపకాయ, బీరకాయ, తోటకూర వంటి కూరలు, పావు వంతు పప్పో చేపో ఉంటే, మిగిలిన పావు వంతులో అన్నం పెట్టుకోవచ్చు. ముందు కూర తిని, తరువాత అన్నం తినడం మేలు.

సమన్వయకర్త: మరి కార్తిక సోమవారాల ఉపవాసం?

వైద్యుడు: నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే. ఒక సోమవారం మధ్యాహ్నం ఒక పెద్దావిడను ఆటోలో తీసుకొచ్చారు. నక్షత్ర దర్శనం దాకా పచ్చి గంగ ముట్టనని సంకల్పించుకున్న ఆవిడ, మందు మానకూడదని ఎప్పటిలాగే ఉదయం గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకున్నారు. జాకెట్టు చెమటతో తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, పక్కనే ఉన్న కొడుకును పోల్చుకోలేకపోతున్నారు. వేలి కొసన రక్తం తీసి చూస్తే చక్కెర 48. అది 70 కన్నా తగ్గగానే జాగ్రత్తపడాలి. ఆ మాత్ర, మనం తిన్నా తినకపోయినా, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ఆవిడ భక్తిలోనూ, మందు పట్ల శ్రద్ధలోనూ లోపం లేదు. ఈ సంగతి ముందుగా చెప్పకపోవడం మా వైద్యుల లోపమే.

సమన్వయకర్త: ఇంట్లో అలా జరిగితే ఏం చేయాలి?

వైద్యుడు: మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆహార నిపుణురాలు: ఇన్సులిన్ తీసుకుంటూ ఒక్కసారిగా అన్నం తగ్గించేవారికీ ఈ ప్రమాదం ఉంది. అందుకే ఏ పూట ఏం తిన్నారో, ఏ మందు ఎప్పుడు వేసుకున్నారో, చక్కెర ఎంత ఉందో ఒకే పుస్తకంలో పక్కపక్కనే రాసి తెమ్మంటాను.

వైద్యుడు: ఆ పుస్తకం చూశాకే నేను మోతాదు మారుస్తాను. ఉపవాసం ఉండదలచినవారు కార్తికం రాకముందే దానితో మా దగ్గరకు రావాలి.