పాదం మళ్ళీ పైకి లేస్తుంది

నమస్కారమండీ. మీ ఊళ్ళో ఎవరైనా మోకాలు బాగా పైకెత్తి, మెట్లెక్కుతున్నట్టు నడవడం, పాదం నేలకి టప్పుమని తగలడం చూశారా? చెప్పు జారిపోతున్నా వాళ్ళకి తెలీదు. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు. కుష్టువ్యాధి వల్ల కూడా ఇలా అవుతుంది, దాని గురించే ఇవాళ చెప్తా.

మోకాలి కింద బయటివైపు, చర్మానికి బాగా దగ్గరగా ఒక నరం పోతుంది. కుష్టు క్రిమికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లంటే ఇష్టం, అందుకే ఆ నరాన్ని పట్టుకుంటుంది, అది దెబ్బతింటే పాదాన్ని పైకెత్తే కండరాలు పడిపోతాయి. కొత్తగా వచ్చినప్పుడు, 6 నెలల్లోపు అయితే స్టెరాయిడ్ మాత్రలతో చాలామందికి కోలుకునే అవకాశం ఉంది, కానీ జనం ఏమంటారో అని దాచిపెట్టుకుని ఆ 6 నెలలూ పోగొట్టుకుంటారు, అదండీ నా బాధ.

సరే, టైమ్ దాటిపోయింది, అప్పుడైనా దారి ఉంది. పిక్కలో లోపల టిబియాలిస్ పోస్టీరియర్ అని ఒక కండరం ఉంటుంది, పాదాన్ని లోపలికి తిప్పేది అదే. దానికొచ్చే నరం వేరు కాబట్టి మామూలుగా అది బాగానే ఉంటుంది. దాని టెండాన్‌ని, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడుని, అతుక్కున్న చోట విడదీసి పాదం పైభాగానికి తెచ్చి కుడతారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్టు వచ్చినవాళ్ళ చేతులకి ఇలాగే టెండాన్లు మార్చడం మొదలెట్టారు. మన సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో కూడా ఇలాంటి సర్జరీలు చేస్తారు. ఆపరేషన్‌కి ముందు కుష్టు మందుల కోర్సు అయిపోయి ఉండాలి, కాలికి పుండు ఉండకూడదు.

కొన్ని వారాలు పిండికట్టు ఉంటుంది. అది తీశాక అసలు పని మొదలు. "పాదం పైకెత్తమ్మా" అంటే కదలదు, "లోపలికి తిప్పు" అంటే పైకి లేస్తుంది! ఎందుకంటే మెదడుకి ఆ కండరం పాత పనే గుర్తు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర కూర్చుని రోజూ చేస్తూ చేస్తూ ఉంటే కొన్నాళ్ళకి పైకెత్తడం కొత్త అలవాటుగా వచ్చేస్తుంది, అందుకే ఎక్సర్‌సైజ్ మధ్యలో మానేసి ఇంటికెళ్ళిపోవద్దని బతిమాలుతున్నా.

ఒక్క సంగతి, కుష్టు వల్ల పాదంలో పోయిన స్పర్శ ఆపరేషన్‌తో తిరిగి రాదు. మెత్తని ఎంసీఆర్, అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులు వేసుకోండి, వెనకాల పట్టీ ఉన్నవి. రాత్రి పడుకోబోయే ముందు అరికాలు చూసుకోండి, ముల్లు దిగినా నొప్పి తెలీదు కదా, కనపడకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లో పిల్లల్ని చూడమనండి.