ఆ గడిలో ఏం రాశారో చూసుకున్నారా?

(గ్రంథాలయ వారోత్సవాల సాయంత్రపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయాధికారి గారికి, ఈ వారం రోజులుగా ప్రతి సాయంత్రం వచ్చి కూర్చుంటున్న పెద్దలకు, అమ్మలకు, అక్కలకు, పోటీపరీక్షల పుస్తకాలు పక్కనపెట్టి వచ్చిన పిల్లలకు నమస్కారం. నవంబరు 14 నుంచి 20 దాకా ఎక్కడ ఈ వారోత్సవాలు జరిగినా సాహిత్యం గురించో గ్రంథాలయోద్యమం గురించో మాట్లాడటం ఆనవాయితీ. అలాంటిది ఆరోగ్య బీమాకి ఒక సాయంత్రం కేటాయించిన కమిటీవారికి కృతజ్ఞతలు. అధ్యక్షులవారు నా గురించి చెప్పిన మాటలు వారి అభిమానం కొద్దీ చెప్పినవి. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. మీలో చాలామంది నాలాంటివాళ్ళని కౌంటర్ అవతల నుంచి, కంగారులో, చేతిలో ఫైలు పట్టుకుని చూసే ఉంటారు.

ఎవరికి ఏ పథకం పనికొస్తుంది, ఎంత ఖర్చవుతుంది, ఈ రెండూ చెప్పమన్నారు. ముందు అవి చెబుతాను.

ప్రభుత్వ పథకాలు మీకు తెలిసినవే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. ఈరోజు మన ఆంధ్రప్రదేశ్‌లో దాన్నే ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నాం, కుటుంబానికి ఏడాదికి 25 లక్షల దాకా. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. కేంద్రం ఆయుష్మాన్ భారత్ 5 లక్షలు. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. ఈ సభలో ఆ వయసువాళ్ళు కనిపిస్తున్నారు. కార్డు చేయించుకున్నారా? తలూపుతున్నవాళ్ళు తక్కువే ఉన్నారు. ఆధార్ తీసుకెళ్ళి చేయించుకోండి, పెన్షన్ వచ్చేవాళ్ళు కూడా అడగండి.

జీతం నెలకి 21,000 లోపు ఉండి, ఈఎస్ఐ వర్తించే సంస్థలో పనిచేస్తుంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. మన ఊళ్ళో షాపుల్లో పనిచేసే పిల్లలెందరికో తమ పేరు ఈఎస్ఐలో ఉందో లేదో కూడా తెలియదు. ఓనర్ని అడగండి. అడగడం మీ హక్కు.

ఈ పథకాలకీ హద్దులున్నాయి. జాబితాలో ఉన్న చికిత్సలకే, పథకంతో ఒప్పందమున్న నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. అందుకే కార్డున్నా ఒక ప్రైవేటు పాలసీ కూడా ఉంటే మంచిదని చాలామంది అనుకుంటున్నారు. కార్డుకి అర్హత లేని మధ్యతరగతికైతే వేరే దారే లేదు.

ఇక ప్రైవేటు పాలసీ. ఒక్కరికే తీసుకోవచ్చు, ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకోవచ్చు. కలిపి తీసుకునేదాన్ని ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారు. అందులో ప్రీమియం సాధారణంగా ఇంట్లో పెద్ద వయసున్నవాళ్ళని బట్టి లెక్కేస్తారు. ముప్ఫై ఏళ్ళ భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉన్న పాలసీలో అరవై దాటిన నాన్నగారి పేరు చేర్చారంటే మొత్తానికీ రేటు ఆయన వయసుతో పెరిగిపోతుంది. పైగా ఆయనకి పెద్ద ఆపరేషన్ ఒకటి జరిగితే ఆ ఏడాదికి మిగతావాళ్ళ కవరేజీ ఖాళీ కావచ్చు. అమ్మానాన్నలకి విడిగా తీసుకోండి.

కంపెనీవాళ్ళు ఇచ్చిన పాలసీ ఉంది కదా అని హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్న మన పిల్లలు ధీమాగా ఉంటారు. ఉద్యోగం పోయిన రోజున అదీ పోతుంది. ఆరోగ్యంగా, వయసులో ఉండగానే సొంతది ఒకటి మొదలుపెట్టుకుంటే కొన్ని జబ్బులకి క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే వెయిటింగ్ పీరియడ్లు ఈలోపు గడిచిపోతాయి. హెర్నియా, కంటిశుక్లం, మోకాలి మార్పిడి లాంటివాటికి సాధారణంగా 2 ఏళ్ళు ఆగాలి. అంతకుముందే ఉన్న జబ్బులకి 2024 నుంచి గరిష్ఠంగా 3 ఏళ్ళు. అంతకుముందు 4 ఏళ్ళుండేది. ఈ 4 ఏళ్ళ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

గది అద్దె గురించి చెప్పాలి. మా డెస్క్ దగ్గర రోజూ జరిగే గొడవ ఇదే. 5 లక్షల పాలసీ. లోపల ఎక్కడో రోజుకి గది అద్దె 1 శాతం అని ఉంటుంది. అంటే 5,000. అల్లుడుగారొస్తారు, చూడ్డానికి జనం వస్తారు, మంచి గది చూడండమ్మా అంటారు, 8,000 గదిలో చేరతారు. రోజుకి మూడు వేలే కదా, మనం కట్టుకుందాం అనుకుంటారు. కోత అక్కడితో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్, ఇవన్నీ కూడా ఎనిమిదింట ఐదు వంతుల లెక్కన తగ్గించి ఇస్తారు. ఆ పద్దుల కింద 1,60,000 బిల్లయితే కంపెనీ ఇచ్చేది లక్ష, మీ జేబులోంచి 60,000. మందులకి, ఇంప్లాంట్లకి, పరీక్షలకి ఈ కోత వేయకూడదని 2020లో బీమా కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. వేశారేమో బిల్లు చూసి అడగండి. అసలు పాలసీ కొనేటప్పుడే గది అద్దెకి పరిమితి లేనిది తీసుకుంటే ఈ బాధే ఉండదు.

కో-పే గురించి, టాపప్ గురించి కూడా రాసుకొచ్చాను. చూద్దాం, టైముంటే చెబుతాను. ఈ కాగితం మడిచి పెడుతున్నాను. నేను ఇవాళ ఇక్కడికి వచ్చింది ఒక్క విషయం కోసం.

మన పక్క మండలంవాళ్ళే ఒకాయన ఉన్నారు. ఎరువుల కొట్టు. పేరు చెప్పను. తెల్లవారుజామున గుండెల్లో నొప్పని భార్య ఆటోలో తీసుకొచ్చింది. క్యాజువాలిటీలో జూనియర్ డాక్టరు అడిగాడు, "షుగర్ ఉందామ్మా? ఎన్నాళ్ళ నుంచి?" ఆవిడ తడుముకోకుండా చెప్పింది, "పెద్దమ్మాయి పెళ్ళప్పటి నుంచీ ఉందండీ, పదేళ్ళు దాటింది." అతను కేస్ షీట్‌లో రాసుకున్నాడు. రాసుకోవాలి. ఆవిడ చెప్పాలి. ఆ మాట దాస్తే ఆయన ప్రాణానికే ముప్పు.

యాంజియో చేశారు, స్టెంట్లు వేశారు. బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్‌కి నేను పంపాను. క్వెరీ వచ్చింది: షుగర్ ఎప్పటి నుంచో డాక్టరు చేత రాయించి పంపమని. పంపాం. మర్నాడు మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ముఖ్యమైన విషయం దాచిపెట్టి పాలసీ తీసుకున్నందువల్ల క్లెయిమ్ తిరస్కరించాం, పాలసీ రద్దు చేస్తున్నాం అని. ప్రింటు తీసి ఆవిడ చేతిలో పెట్టాల్సింది నేనే.

ఆవిడ కోప్పడలేదు, ఏడవలేదు. "మేం దాచిందెక్కడ మేడంగారూ? అడిగిన ప్రతి డాక్టరుకీ చెబుతూనే ఉన్నాం కదా" అంది.

పాలసీ పుస్తకం తెప్పించాను. వెనక, పాలసీ కొనేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం, జిరాక్స్ కాకుండా అసలు కార్బన్ కాపీయే ఉంది. మొత్తం ఇంగ్లీషు. షుగర్ ఉందా, బీపీ ఉందా, గుండెజబ్బు ఉందా, ఆపరేషన్ ఏమైనా జరిగిందా, వరసగా గడులు. అన్నింటికీ "నో" అని ఒకే ఊపులో పైనుంచి కిందిదాకా టిక్కులు. అడ్డంగా ఉన్న ఆ టిక్కులు పెట్టిన చెయ్యి వేరు, కింద ఆయన పెట్టిన తెలుగు సంతకం వేరు. ఒక్కో అక్షరం ఒత్తి, జాగ్రత్తగా పెట్టిన సంతకం. ఆ సంతకానికి పైన "పాలసీదారుకి తెలిసిన భాషలో వివరించి చెప్పాను" అని ఇంకో డిక్లరేషన్, దాని కింద ఏజెంటు సంతకం.

ఏం వివరించాడయ్యా? ఆ అబ్బాయి వాళ్ళ వీధివాడే. ఇంటికొచ్చి కాఫీ తాగి, "ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి పెట్టండి బాబాయ్, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట. షుగర్ మాట ఈయన ఎత్తితే, "అది ఇప్పుడు లేనిదెవరికి బాబాయ్, రాస్తే ప్రీమియం పెరుగుద్ది" అన్నాడట. ఆ ఒక్క ముక్క ఖరీదు దాదాపు మూడు లక్షలు. గాజులు తాకట్టుకి వెళ్ళాయి. నా కళ్ళముందే తీసి పర్సులో వేసుకుంది ఆవిడ.

ఇప్పుడు ఆ 4 ఏళ్ళ మాటకి వస్తాను. ఆయన పాలసీకి ఐదో ఏడు నడుస్తోంది. ఒక్క ఏడాదీ తప్పకుండా కట్టారు. ఫారంలో షుగర్ ఉంది అని రాసుంటే ఏమయ్యేది? ప్రీమియం కాస్త పెరిగేది. 4 ఏళ్ళ వెయిటింగ్ ఉండేది, అది అప్పటికే గడిచిపోయి ఉండేది. షుగర్ పేరు చెప్పి క్లెయిమ్ ఆపే దారే ఉండేది కాదు. అర్థమవుతోందా అండీ? నిజం రాసుంటే డబ్బు వచ్చేది. నేను ఈ మాట ఏ ఊళ్ళో ఎవరు పిలిచినా వెళ్ళి చెబుతున్నాను.

బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దాం, కాగితాలు నేను రాసిస్తానన్నాను. "సంతకం మాదే కదమ్మా" అని ఆయనే వద్దన్నారు. నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే. మోసపోయినవాడు సిగ్గుపడి ఊరుకున్నాడు. టిక్కులు పెట్టినవాడు కమీషన్ తీసుకుని ఇంకో వీధికి వెళ్ళాడు.

అందరు ఏజెంట్లూ అలాంటివాళ్ళని అనను. గడి గడి చదివి వినిపించి, మందుల చీటీ అడిగి మరీ జతచేసేవాళ్ళు నాకు తెలుసు. అలాంటివాళ్ళ దగ్గర కొన్నవాళ్ళ ఫైలు నా బల్లమీదకి వస్తే నాకే టెన్షన్ ఉండేది కాదు.

ఒక్కసారి చేతులెత్తండి. మీలో పాలసీ ఉన్నవాళ్ళెవరు? సగం పైన ఉన్నారు, సంతోషం. మీ ప్రపోజల్ ఫారం చదివినవాళ్ళు మాత్రం చేతులు ఉంచండి. చూశారా అధ్యక్షులవారూ, మీరే చూడండి.

ఇంటికెళ్ళి బీరువాలోంచి ఆ పుస్తకం తీయండి. ఫారం కాపీ లేకపోతే కంపెనీని అడగండి, ఇవ్వాలి. ఇంగ్లీషు రాకపోతే మీ మనవణ్ణో పక్కింటి డిగ్రీ అమ్మాయినో కూర్చోబెట్టి చదివించుకోండి. పాలసీ ముఖ్యాంశాలు రెండు మూడు పేజీల్లో రాసిచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఉంటుంది, అది తెలుగులో కావాలని అడగొచ్చు. అడగండి. అడగందే ఎవరూ ఇవ్వరు. కొత్త పాలసీ అయితే చేతికొచ్చిన 30 రోజుల్లోపు నచ్చలేదని తిప్పి పంపే హక్కు ఉంది. షుగరో బీపీయో "లేదు" అని పడి ఉంటే, దాన్ని సరిచేయమని ఇప్పుడే కంపెనీకి రాసి, రాసిన కాగితానికి రసీదు తీసుకోండి. ప్రీమియం పెంచొచ్చు, కొత్త షరతు పెట్టొచ్చు, పాలసీనే వద్దనొచ్చు కూడా. అయినా రాయమనే చెబుతాను. ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడు తెలిస్తే వేరే ఏర్పాటు చేసుకోవచ్చు. ఐసీయూ బయట తెలిస్తే ఏం చేస్తారు?

కొందరు పెద్దవాళ్ళు శుభమా అని పాలసీ తీసుకుంటుంటే జబ్బుల పేర్లెందుకు, అపశకునం అంటారు. అమ్మా, మీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క కాగితం దగ్గర శకునాలు చూడకండి.

రూల్స్ కొంత మన వైపుకి మారాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టిన నిబంధన ప్రకారం, పాలసీ ఆపకుండా 5 ఏళ్ళు కడితే ఆ తర్వాత విషయం దాచారని క్లెయిమ్ కాదనకూడదు, మోసమని నిరూపిస్తే తప్ప. ఇది అంతకుముందు 8 ఏళ్ళు. క్యాష్‌లెస్ అడిగితే గంటలో జవాబివ్వాలి. డిశ్చార్జ్ రోజు 3 గంటల్లో ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలి, ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసింది కంపెనీయే భరించాలి. పొద్దున డాక్టరు ఇంటికెళ్ళమంటే రాత్రి తొమ్మిదిదాకా సంచులు సర్దుకుని మంచం అంచున కూర్చునేవాళ్ళని చూసినదాన్ని, ఈ రూలు విలువ నాకు తెలుసు.

క్లెయిమ్ కొట్టేస్తే ఊరుకోకండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం అన్నింటికీ ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వింటారు. సంతకం మాదే కదా అని మీరు తీర్పు చెప్పేసుకోకండి, చెప్పాల్సినవాళ్ళు అక్కడున్నారు.

టైమైందని చీటీ వచ్చింది. ఖర్చు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. 60 దాటినవాళ్ళకి ఐఆర్‌డీఏఐతో మాట్లాడకుండా ఏడాదికి 10 శాతం మించి ప్రీమియం పెంచకూడదు. పెద్ద పాలసీ భారమనిపిస్తే 5 లక్షలది ఒకటి, దానిపైన 5 లక్షల డిడక్టబుల్‌తో, అంటే బిల్లు 5 లక్షలు దాటాక మిగతాది ఇచ్చే సూపర్ టాపప్ ఒకటి చూడండి, చవగ్గా వస్తుంది. ఒట్టి టాపప్ వద్దు, అందులో ప్రతి అడ్మిషనూ విడిగా ఆ హద్దు దాటాలి. సూపర్ టాపప్‌లో ఏడాది బిల్లులన్నీ కలిపి లెక్కేస్తారు. కో-పే 20 శాతం అని ఉంటే ప్రతి లక్షలో 20 వేలు మీవని ముందే లెక్కేసుకోండి. కంపెనీ నచ్చకపోతే రెన్యువల్‌కి 45 రోజుల ముందే వేరే కంపెనీకి మారే పోర్టబిలిటీకి అప్లై చేయండి, గడిచిన వెయిటింగ్ కాలం వృథా పోదు.

పాలసీ కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్ళు సభ అవగానే ఆ పత్రికల బల్ల దగ్గరికి రండి, ఫారం కలిసి చదువుదాం. లైబ్రరీ మూసేదాకా ఉంటాను. ఏజెంట్లెవరైనా ఈ సభలో ఉంటే వాళ్ళు కూడా రండి బాబూ, మీతోనే ముందు మాట్లాడాలి.