మూడోసారి వచ్చిన తల్లి మాట

(చిత్తూరులో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, బడి టీచర్ల సమావేశంలో ఒక పిల్లల డాక్టరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పలమనేరు నుంచి, పుంగనూరు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును తీసుకొచ్చింది. కాళ్లు నొప్పులంటున్నాడు, రాత్రిళ్లు ఏడుస్తున్నాడు అంది. ఎదిగే వయసులో వచ్చే నొప్పులేలే అని సిరప్ రాసి పంపాను. పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి జ్వరం తోడైంది. వైరల్ జ్వరమన్నాను. మూడోసారి వచ్చినప్పుడు ఆమె నొప్పి మాటా ఎత్తలేదు, జ్వరం మాటా ఎత్తలేదు. "బిడ్డ ముందు మాదిరి లేడు మేడం. ఒక చోట నిలిచేవాడు కాదు, ఇప్పుడు సంకలోంచి దిగనంటాండాడు" అంది. అప్పుడుగానీ నేను వాడి కంటి కింది రెప్ప లాగి చూడలేదు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. చొక్కా ఎత్తితే వీపు మీద, పొట్ట మీద కమిలిన మచ్చలు. రక్త పరీక్షలో బయటపడింది, రక్త క్యాన్సర్ అని.

వాడు బతికాడు. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. అయినా ఆ తల్లి మాట ముందే విని ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. ఆ మాట మీ చెవిన వేయడానికే ఇవాళ వచ్చాను. ఎందుకంటే తల్లులు ఆ మాట డాక్టరుకన్నా ముందు మీతో అంటారు. అంగన్‌వాడీకి బిడ్డను దించడానికి వచ్చినప్పుడో, బడి గేటు దగ్గరో అంటారు.

పిల్లల్లో క్యాన్సర్ అరుదు. అరుదు కనుకే మన ఆలోచన అటు పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది, పుట్టిన బిడ్డ మొదలు 19 ఏళ్ల వారి వరకు, దీని బారిన పడుతున్నారు. డబ్బున్న దేశాల్లో 80 శాతానికి పైగా నయమవుతున్నారు. పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కన్నా తక్కువ. రెండు చోట్లా జబ్బు ఒకటే, చాలావరకు మందులూ అవే. ఆలస్యంగా గుర్తించడం, తప్పుగా గుర్తించడం, వైద్యం అందకపోవడం, మధ్యలో మానేయడం, ముఖ్యంగా ఈ నాలుగే ఇంత తేడా తెస్తున్నాయి.

పొగాకు నమిలితే, చుట్ట తాగితే పెద్దలకు వచ్చే క్యాన్సర్ వేరు. ఎదుగుతున్న ఒంట్లో కణాలు దారి తప్పితే పిల్లలకు వచ్చేది వేరు. నూటికి పది మందిలో మాత్రమే పుట్టుకతో వచ్చిన జన్యు కారణం దొరుకుతుంది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదాని వల్ల వచ్చిందనీ, గ్రహణం పట్టిందనీ, దిష్టి తగిలిందనీ ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఆ మాటలు పడలేక బిడ్డ జబ్బు దాచిపెట్టిన కోడళ్లను నేను చూశాను. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. పక్కన కూర్చుని ఒకే పళ్లెంలో తినొచ్చు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్త క్యాన్సర్. అందులోనూ లింఫోబ్లాస్టిక్ రకం, ముఖ్యంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య. మన ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. అక్కడ పనికిరాని పసి తెల్లకణాలు కలుపు మొక్కల్లా కమ్మేస్తాయి. ఎర్రకణాలకు చోటు లేక బిడ్డ పాలిపోతుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు చోటు లేక చర్మం కింద ఎర్రటి చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్లలో నెత్తురు వస్తాయి. మంచి తెల్లకణాలు తగ్గి జ్వరం వదలదు. మూలుగ నిండిపోయి ఎముకలు నొప్పిపెడతాయి.

రక్తహీనత మన ఊళ్లలో ఇంటింటా ఉంది, ఐరన్ సిరప్ మీరే ఇస్తారు. మరి తేడా ఎలా తెలుస్తుంది? ఒట్టి ఐరన్ లోపానికి ఎర్ర చుక్కలు రావు, వారాల తరబడి జ్వరం ఉండదు, మెడలో బిళ్ళలు కట్టవు. పాలిపోవడానికి వీటిలో ఏ ఒక్కటి తోడైనా సిరప్‌తో సరిపెట్టకండి. వానాకాలంలో ప్లేట్‌లెట్లు పడిపోతే అందరం డెంగీ అనుకుంటాం, చాలాసార్లు అదే అవుతుంది. కానీ డెంగీ అయితే వారం పది రోజుల్లో ప్లేట్‌లెట్లు మళ్లీ లేస్తాయి. రెండు వారాలైనా లేవలేదంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. ఇంకో మాట, గట్టిగా చెబుతున్నాను. కీళ్లనొప్పులని చెప్పి రక్త పరీక్ష చేయకుండా ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తే, క్యాన్సర్ కణాలు కొన్నాళ్లు అణిగిపోయి జబ్బు దాగిపోతుంది. బిడ్డ కోలుకున్నట్టే కనిపిస్తుంది.

ఈ జబ్బు వైద్యంలో మనవాడి చెయ్యి ఉంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, కొన్నాళ్లపాటైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని లోకానికి చూపాడు. ఆ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారైంది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ ఈ పిల్లలకు ఇస్తున్నాం. సుబ్బారావు గారు ఆ 1948లోనే పోయారు. నేను ఆ మందు రాసిన ప్రతిసారీ ఆయన్ని తలుచుకుంటాను.

ఇక కంటి క్యాన్సర్. దీని పేరు రెటినోబ్లాస్టోమా, ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే మామూలుగా రెండు కనుపాపలూ ఎర్రగా పడతాయి. ఒకటి ఎర్రగా, ఒకటి తెల్లగా పడితే ఆ వారమే కంటి డాక్టరు దగ్గరికి పంపండి. దీపం వెలుగులో బిడ్డ కన్ను పిల్లి కన్నులా మెరుస్తోందని అమ్మమ్మలు అంటారు చూడండి, వాళ్ల చూపు సరైనదే. మెల్లకన్నును అదృష్టమని మురిసిపోకండి, కొత్తగా వచ్చిన మెల్ల అయితే ఇంకా జాగ్రత్త. కంటిలోపలే ఉండగా దొరికితే మంచి వైద్యంతో దాదాపు అందరూ బతుకుతారు, చాలామందికి కన్ను కూడా నిలుస్తుంది. కంటి బయటికి పాకితే ప్రాణానికే ముప్పు. ఒక బిడ్డకు వస్తే తోబుట్టువుల కళ్లూ చూపించాలి.

కడుపులో గడ్డలు చాలాసార్లు నీళ్లు పోసేటప్పుడు దొరుకుతాయి. నూనె అంటి నలుగు పెట్టేటప్పుడు అమ్మ చేతికి ఒక పక్క గట్టిగా తగులుతుంది. మూత్రపిండంలో వచ్చే విల్మ్స్ గడ్డ అయితే బిడ్డ హుషారుగానే ఉంటుంది, ఒక్కోసారి మూత్రంలో నెత్తురు పడుతుంది. అంగన్‌వాడీలో బరువు చూస్తే సరిగానే ఉండొచ్చు, గడ్డ బరువూ అందులో కలిసే ఉంటుంది కదా. చేతులు కాళ్లు సన్నబడి పొట్ట ఒక్కటే పెరుగుతుంటే తూకాన్ని నమ్మకండి. గడ్డ తగిలాక వచ్చినవాళ్లందరూ నొక్కి చూడకూడదు. న్యూరోబ్లాస్టోమా అని ఇంకో రకం ఉంది, అందులో పొట్టలో గడ్డతో పాటు కళ్ల చుట్టూ కమిలినట్టు నల్లబడటం, కుంటడం కనిపించవచ్చు.

మెడలో బిళ్ళలు పంటి పుండుకీ, గొంతు నొప్పికీ కడతాయి, తగ్గిపోతాయి. నొప్పి లేకుండా పెరుగుతూ పోయేవి, మెడ కింది కాలర్ ఎముక పైన వచ్చేవి వేరు, అవి క్యాన్సర్ కావచ్చు. మన దగ్గర వీటిని క్షయ అనుకుని, ముక్క తీసి పరీక్షించకుండానే నెలల తరబడి టీబీ మందులు వాడిన పిల్లలున్నారు. కత్తి పెడితే పాకుతుందని భయపెట్టేవాళ్లుంటారు. ఏ గడ్డకు సూది పెట్టాలో, దేనికి పెట్టకూడదో ఆ వైద్యం చదివినవాళ్లకు తెలుసు. కంటి గడ్డకైతే పెట్టరు కూడా.

టీచర్లు గమనించాల్సింది మెదడు గడ్డ. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, వాంతి అయ్యాక కాస్త తేలిక. చక్కని రాత గజిబిజి కావడం, నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనిపించడం. బడి ఎగ్గొట్టడానికి నాటకమని కొట్టకండి అయ్యా.

పది దాటిన పిల్లల్లో మోకాలి దగ్గర వాపు గురించి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మనకు తాతల నాటి అలవాటు. ఆటలో పడ్డాడు, వాచింది, కట్టు కట్టిద్దాం అనుకుంటారు. దెబ్బ వల్ల క్యాన్సర్ రాదు, దెబ్బ తగిలాక మన కళ్లు అక్కడ పడతాయి, అంతే. రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, వారాలు గడిచినా తగ్గని వాపు ఉంటే కట్టు, మర్దన ఏదైనా ఎక్స్‌రే తీశాకే.

అనుమానం వస్తే ఎక్కడికి పోవాలి? తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. 2022 నుంచి టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు గంట ప్రయాణం, కుప్పం వాళ్లకు బెంగళూరు దగ్గర. ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవలో క్యాన్సర్ వైద్యం ఉంది, కార్డు, ఆధార్ పట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్రను కలవమనండి. పిల్లలను పరీక్షించే బాల స్వాస్థ్య బృందం మీ అంగన్‌వాడీ కేంద్రానికి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆ రోజు వరకు ఆగకండి, ఆ రోజు మాత్రం మీ అనుమానం తప్పక చెప్పండి.

రక్త క్యాన్సర్ వైద్యం రెండేళ్లకు పైనే పడుతుంది. మొదటి నెలలోనే బిడ్డ లేచి ఆడుకుంటుంది, నయమైపోయిందని ఇంటికి తెచ్చేసుకుంటారు. దాగిన కణాలు తిరిగి లేస్తే రెండోసారి లొంగదీయడం చాలా కష్టం. మీ పరిధిలో అలాంటి బిడ్డ ఉంటే తేదీ తప్పకుండా పోతున్నారా అని ఆరా తీయండి. కీమో, అంటే క్యాన్సర్ మందులు, నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాల్సిందే, మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకూడదు. జుట్టు రాలితే మళ్లీ మొలుస్తుంది. తిరుపతిలో వైద్యం చేయించిన ఒక తల్లి నాతో అంది, "ఈ ఊర్లో గుండు చూసి ఎవురూ యేమీ అడగలే మేడం, కొండకు పోయొచ్చినారా అని నవ్వినారు" అని. మా ఊరికి పోతేనే బిడ్డ టోపీ పెట్టుకుంటాండాదని కూడా చెప్పింది. ఆ బిడ్డ టోపీ తీసి మీ బడిలో కూర్చోగలిగేలా మిగతా పిల్లలకు నాలుగు మాటలు చెప్పి ఉంచండి.

ఇక మీ ప్రశ్నలు. వెనక వరుసలో ఆ అమ్మ ఇందాకటి నుంచీ చెయ్యెత్తే ఉంది. ముందు ఆమెను అడగనివ్వండి.