శ్లాబులో చన్నీళ్లు: పోచారంలో ఒకే బిల్డింగ్, రెండు రకాల చల్లదనం

నమస్తే అండి. మే నెల మధ్యాహ్నం మన ఆఫీసుల్లో ఒకసారి చూడండి. గోడలన్నీ అద్దాలే. ఎండ మొహాన కొడుతోందని బ్లైండ్స్ దించేస్తారు. చీకటైందని లైట్లు వేస్తారు. అయినా వేడి తగ్గదు, ఏసీ ఇంకా పెంచుతారు. డక్ట్ కింద కూర్చున్న అమ్మాయి చున్నీ కప్పుకుని పనిచేస్తుంది, కిటికీ పక్కనున్నతనికి చెమటలు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే దీనికి మంచి దారి మన హైదరాబాద్‌లోనే ఉంది.

పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఒక బిల్డింగ్‌ని సరిగ్గా రెండు సగాలుగా కట్టారు. 2011 నుంచి వాడుకలో ఉంది. ఒక సగంలో సెంట్రల్ ఏసీ, అదీ నాసిరకం కాదు, జాగ్రత్తగా డిజైన్ చేసిందే. రెండో సగంలో కాంక్రీటు శ్లాబులోనే పైపులు వేసి చన్నీళ్లు తిప్పుతారు.

షాబాద్ బండల మీద చాప లేకుండా పడుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గాలి చల్లబడకపోయినా బండ మన ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇక్కడ ఆ బండ తల మీద ఉందనుకోండి, తాకకుండానే లాగుతుంది. పైగా అంతే పరిమాణం గాలితో పోలిస్తే నీళ్లు 3,000 రెట్లకు పైగా వేడిని మోస్తాయి. పెద్ద పెద్ద ఫ్యాన్లు చేసే పని చిన్న పంపుతో అయిపోతుంది.

మరి వానాకాలంలో శ్లాబుకి చెమట పట్టదా? ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పడుతుంది కదా! అందుకే నీళ్లని మరీ చల్లగా పంపరు. లోపలికి వచ్చే తాజా గాలిలోని తేమని ముందే విడిగా తీసేస్తారు.

మొదటి రెండేళ్ల లెక్కల్లో శ్లాబు సగాన్ని చల్లబరచడానికి కరెంటు 34 శాతం తక్కువ పట్టింది. కట్టడానికైన ఖర్చు రెండిటికీ దాదాపు సమానమే!

ఒక్క మాట మర్చిపోకండి. రెండు సగాలకీ కిటికీలు చిన్నవే, వాటిపైన ఎండ పడకుండా నీడ ఉంది. అసలు వేడినే లోపలికి రానివ్వలేదు. అద్దాల డబ్బాలో శ్లాబు పైపులు ఒక్కటే పెడితే ఈ ఫలితం రాదు.

మీ కంపెనీ కొత్త ఆఫీసు ఇంకా ప్లాన్ కాగితాల మీదే ఉంటే, పడమటి గోడకి ఎంత అద్దం పెడుతున్నారో ఇప్పుడే అడగండి. పైపుల సంగతి కూడా ఇప్పుడే. శ్లాబు పోసేశాక లోపల వేయలేరు.