వలసెళ్లొచ్చినోళ్ల జ్వరాలు: డాక్టర్లకి ట్రైనింగా, స్టేషన్లో టెస్టులా? (శ్రీకాకుళం స్టూడియో చర్చ)

యాంకర్: ఆఫ్రికాలో వెల్డింగ్ పనికెళ్లొచ్చిన ఉద్దానం కుర్రాడికి జ్వరమొస్తే వైడాల్ రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు, వారం సెలైన్లు ఎక్కించారు, తీరా చూస్తే మలేరియా, ఇప్పుడు ఐసీయూలో ఉన్నాడు. నా ప్రశ్న ఒక్కటే. ఇలాంటోళ్లని పలాస స్టేషన్లోనే ఆపి టెస్ట్ చేసేస్తే పోదా?

ప్రొఫెసర్: దాంతో ఆగదండి. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన మలేరియా రకమైతే, దోమ కుట్టాక జ్వరం రావడానికి వారం, ఒక్కోసారి నెల పైనే పడుతుంది. దిగిన రోజు నెగెటివ్ వచ్చినోడు ఇంటికెళ్లాక పడిపోతాడు. ఓపీలో డాక్టర్ "ఈమధ్య ఎక్కడికెళ్లావు" అని అడగాలి, అది హౌస్ సర్జన్సీలోనే—

సంఘం నాయకుడు: అడగడానికి టైమేదండీ? ఓపీ లైను గేటు దాకా ఉంటాది. అయినా మావోడు ముందెళ్లేది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి. మీ ట్రైనింగు ఆయనకిస్తారా?

ప్రొఫెసర్: ఇవ్వాలనే అంటున్నా. ట్రావెల్ మెడిసిన్‌కి, అంటే ప్రయాణాల్లో వచ్చే జబ్బుల వైద్యానికి, అంతర్జాతీయ సొసైటీ 2003 నుంచి పరీక్ష పెడుతోంది, నర్సులు, ఫార్మసిస్టులు కూడా రాయొచ్చు—

సంఘం నాయకుడు: పరీక్షలు తర్వాత! 2018లో గుజరాత్‌లోని వేరావల్ బోట్లెక్కిన మన మత్స్యకారులు పాకిస్తాన్ జైల్లో పడ్డారు, 2020లో గానీ రాలేదు. ఇక్కడ జెట్టీలుంటే అంత దూరం ఎందుకెళ్తారు?

యాంకర్: అది వేరే టాపిక్ అన్నా. స్టేషన్లో టెస్ట్...

సంఘం నాయకుడు: ఇదే టాపిక్! వలసోడు రోగం మోసుకొస్తాడన్నట్టు మాట్లాడతారేటి మీరు?

(రెండు నిమిషాలు అందరూ ఒకేసారి మాట్లాడారు, ఎవరి మాటా అర్థం కాలేదు)

ఏఎన్ఎం: సార్, నన్నొక్క మాట చెప్పనీయండి. వైవాక్స్ రకం మలేరియా అయితే, లివర్లో దాక్కున్న క్రిమి చావడానికి ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు మింగాలి. మూడో రోజుకి జ్వరం తగ్గుతుంది, కుర్రాడు చెన్నై బండెక్కేస్తాడు. మొన్న ఒకింట్లో చూశాను, స్ట్రిప్పులో సగం మాత్రలు అలాగే ఉన్నాయి, వాళ్లమ్మ మందుల చీటీతో సహా గూట్లో దాచింది. లివర్లో మిగిలింది అక్కడ సైట్లో మళ్లీ తిరగబెడితే ఆ డాక్టరుకేం తెలుస్తుంది? చీటీ వాడి జేబులో ఉండాలి కదా.

ప్రొఫెసర్: ఇదే, సరిగ్గా ఇదే నేర్పాలి! వెళ్లే ముందు కూడా—

యాంకర్: అంటే స్టేషన్లోనే మాత్రలిచ్చేస్తే?

ప్రొఫెసర్: (నవ్వు) వెళ్లే ముందు అంటున్నానండి. ఎల్లో ఫీవర్ టీకా 10 రోజుల ముందే వేయించుకోవాలి, ఏజెంటేమో టికెట్ ముందురోజు చేతిలో పెడతాడు—

సంఘం నాయకుడు: ఆ ఏజెంట్లని పట్టుకోండి ముందు! ఎండలో నీళ్లివ్వకుండా పని చేయించుకుంటారు, కిడ్నీలు పోయాక పంపేస్తారు...

ప్రొఫెసర్: ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు, ఎండ ఒక అనుమానం మాత్రమే...

సంఘం నాయకుడు: మీకు తేలదు! మాకు తేలిపోయింది!

యాంకర్: టైమైపోయింది. అన్న చెప్పిన ఏజెంట్ల సంగతి మీద రేపు ఇదే టైముకి స్పెషల్ డిబేట్, అన్నే వస్తారు.

ఏఎన్ఎం: మరి చీటీ సంగతి?

యాంకర్: బ్రేక్ తీసుకుందాం మేడమ్.