ఆ 93,000 డాలర్లు ముందు ఎవరు కట్టాలి?

అందరికీ నమస్కారం. సియాటిల్ తెలుగువాళ్లు ఆదివారం పూట ట్యాక్సులు రాసేవాడి మాటలు వినడానికి ఇంతమంది వచ్చారంటే, భోజనాలు బాగానే ఏర్పాటు చేసినట్టున్నారు. 'బయోటెక్ షేర్లలో మనవాళ్ల తప్పులు' అని ఐదు అంశాలు రాసిచ్చారు నాకు. మొదటిది మందు పరీక్షల దశలు. అది నాకంటే మీకే బాగా తెలుసు, వదిలేస్తున్నా.

మన ఊరి కంపెనీ డెండ్రియాన్ సంగతి చెప్తాను. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ప్రొవెంజ్ అని ఒక వైద్యం తెచ్చారు. రోగి రక్తంలోని తెల్లకణాలు తీసి, ల్యాబ్‌లో సిద్ధంచేసి, మళ్లీ ఆయనకే ఎక్కిస్తారు. మూడు విడతలు. 2007లో ఇంకా ఆధారాలు తెమ్మని, మందులకు అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ వెనక్కి పంపితే షేరు కుప్పకూలింది. 2009లో పెద్ద పరీక్ష ఫలితాలు బాగా వచ్చాయి. 2010 ఏప్రిల్‌లో అనుమతి.

అప్పుడు నా దగ్గర రిటర్నులు వేయించుకునే కుర్రాడొకడు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. "అప్రూవల్ వచ్చేసింది అంకుల్, ఇంకేం టెన్షన్ లేదు!" బయాలజీ చదివినవాడు, పరీక్ష ఫలితాలన్నీ నోటికి చెప్తాడు. బిల్లు సంగతి మాత్రం ఆలోచించలేదు. వైద్యం ఖరీదు 93,000 డాలర్లు. ముందు క్లినిక్ కొనాలి, తర్వాత మెడికేర్ నుంచి, అంటే పెద్దవాళ్లకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా నుంచి, రాబట్టుకోవాలి. ఐదుగురు రోగులంటే 4,65,000. ఇద్దరు డాక్టర్లున్న చిన్న క్లినిక్ ఎక్కణ్ణుంచి తెస్తుందండీ? మీరే చెప్పండి! పైగా 2011లో అదే క్యాన్సర్‌కు జైటిగా అని నోట్లో వేసుకునే మాత్ర కూడా వచ్చింది.

ఆ ఆగస్టులో కంపెనీ తన అమ్మకాల అంచనాను తనే వెనక్కి తీసుకుంది. ఒక్కరోజులో షేరు విలువలో దాదాపు మూడింట రెండు వంతులు గల్లంతు. మూడు రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు, నెత్తిన 620 మిలియన్ డాలర్ల బాండ్ల అప్పు. 2014 నవంబరులో దివాలా. అప్పిచ్చినవాళ్లది ముందు వరుస, వాటాదార్ల చేతికి చిప్ప. మందేమో ఆ తర్వాతా అమ్ముడవుతూనే ఉంది!

వేరే లాభాలు లేకపోతే, ఇలాంటి నష్టాన్ని జీతంలోంచి ఏడాదికి 3,000 డాలర్లే తగ్గించుకోనిస్తారు. ఆ కుర్రాడికి పెళ్లయింది, కూతురు బడికెళ్తోంది, ఆ నష్టం మాత్రం ఇంకా తీరలేదు. ఏటా ఆ అంకె ఎక్కించేది నేనే.

మిగతా అంశాలు తర్వాత చూద్దాం, ఫోన్లు తీయండి. మీరు షేర్లు కొన్న కంపెనీ 10-క్యూ, అంటే మూడు నెలల లెక్కల నివేదిక, తెరవండి. చేతిలో నగదెంత, నెలకు ఖర్చెంత, భాగించండి. ఎనిమిది నెలలకే సరిపోయేట్టుంటే, కొత్త షేర్లు అమ్మడానికి వాళ్లిప్పటికే బయల్దేరి ఉంటారు, మీ వాటా పల్చబడుతుంది. వెనక వరుసలో బాబూ, నీకెంత వచ్చింది?